డిస్కో బీట్ – ఐదో పాఠం: తెరిచిన హ్యాట్‌ని మూసేదెవరు?

ఈ పాఠంలో బేస్ గిటార్ లైన్ మొదలుపెడదామని పోయినసారి అనుకున్నాం. అది ఆరో పాఠానికి జరిగింది. మీరు పంపిన రికార్డింగులు విన్నాక బేస్ జోలికి పోయే ధైర్యం లేదు. కావలి నుంచి వచ్చినా, కందుకూరు నుంచి వచ్చినా, ఒంగోలు నుంచి వచ్చినా జబ్బు ఒకటే: బీట్ కుంటుతోంది. ‘టెంపో నిలవడం లేదేమో సార్’ అని చాలామంది రాశారు. టెంపో జబ్బు కూడా ఉంది, దాని సంగతి తర్వాత. ఈ కుంటుడు మాత్రం టెంపోది కాదబ్బా. హ్యాట్ అంటే ఒకదాని మీద ఒకటి ఉండే రెండు తాళాలు: విడిగా ఉండగా కొడితే మోగుతూ ఉంటుంది, అది ఓపెన్; కలిపి ఉంచి కొడితే పొట్టిగా తెగుతుంది, అది క్లోజ్డ్. మీ దగ్గర తెరిచిన హ్యాట్ ఒకసారి మూతపడుతోంది, ఒకసారి పడటం లేదు.

కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) బార్‌లోని నాలుగు బీట్ల మీద, స్నేర్ (చురుగ్గా పేలే చిన్న డ్రమ్ము) రెండు, నాలుగు మీద. అది మళ్లీ చెప్పను. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇంతే: బీట్‌కి ఒక తకధిమి. కిక్ ‘త’ మీద పడుతుంది, ఓపెన్ హ్యాట్ ‘ధి’ మీద తెరుచుకుంటుంది. 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్లయితే, ఒక్కో అక్షరానికి 125 మిల్లీసెకన్లు. అంటే ‘ధి’ దగ్గర తెరిచిన హ్యాట్ తర్వాతి ‘త’కి మూతపడాలంటే మీకున్న టైం 250 మిల్లీసెకన్లు.

ఈ వాయింపుకి ఆద్యుడిగా ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్‌ని చెప్తారు. 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ద బ్లూ నోట్స్ పాడిన ‘ద లవ్ ఐ లాస్ట్’ పెట్టుకుని, గొంతుల్నీ వయొలిన్లనీ వదిలేసి హ్యాట్ ఒక్కదాన్నే పట్టుకోండి. ‘త్స్’ అని తెరుచుకుని ‘ప్’ అని తెగుతుంది. మీరందరూ ‘త్స్’ నేర్చుకున్నారు. ‘ప్’ ఎవరూ నేర్చుకోలేదు.

అసలు డ్రమ్స్ మీద ఈ పని ఎడమ కాలిది. పెడల్ తొక్కితే రెండు తాళాలూ కలిసి చప్పుడు ఆగుతుంది. మన ఆర్కెస్ట్రాల్లో ఉండేది ఎక్కువగా కరెంటు మీద నడిచే రిథమ్ ప్యాడ్. దానికి హ్యాట్ పెడల్ పెట్టుకునేవాళ్లు తక్కువ. ప్యాడ్‌లో ఓపెన్ హ్యాట్‌ని ఆపేది క్లోజ్డ్ హ్యాట్ దెబ్బే. రెండూ ఒకే మ్యూట్ గ్రూపులో ఉంటే, క్లోజ్డ్ కొట్టగానే ఓపెన్ ఆగిపోతుంది. కీబోర్డు మామూలు డ్రమ్ కిట్‌లో 42వ నంబరు క్లోజ్డ్, 44 పెడల్, 46 ఓపెన్. ఈ మూడూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ప్యాడ్ వాళ్లు ఒక కిట్ నుంచి క్లోజ్డ్, ‘ఇది ఇంకా బాగా మోగుతోంది’ అని ఇంకో చోటి నుంచి ఓపెన్ తెచ్చి పెట్టుకుంటారు. గ్రూపు కలపరు. ఇంక అది ఆగేదెట్టా? ముందు మాన్యువల్ తీసి గ్రూపు నంబరు ఒకటే ఉందో లేదో చూడండి. పరీక్ష తేలిక: ఓపెన్ కొట్టి వెంటనే క్లోజ్డ్ కొట్టండి. ఓపెన్ మోత ఇంకా వెనక వినిపిస్తోందంటే గ్రూపు కలవలేదు.

ఇప్పుడు అసలు గుంట. గ్రూపు సరిగ్గా పెట్టుకున్నవాళ్లు కూడా ఇందులోనే పడ్డారు.

బార్‌లోని పదహారు అక్షరాలూ కుడి, ఎడమ, కుడి, ఎడమగా వాయిస్తే ఇబ్బంది లేదు. ‘ధి’ మీద కుడి చెయ్యి తెరుస్తుంది, ‘మి’ మీద ఎడమ చెయ్యి క్లోజ్డ్ కొట్టి మూసేస్తుంది. కానీ రెండు నిమిషాలకి చేతులు బరువెక్కుతాయి. మీరు చల్లగా ‘క’, ‘మి’ రెండూ వదిలేసి కుడి చేత్తోనే లాగిస్తారు: ఒకటో ‘త’ మీద క్లోజ్డ్, ‘ధి’ మీద ఓపెన్, రెండో ‘త’ మీద స్నేర్, మళ్లీ ‘ధి’ మీద ఓపెన్. స్నేర్ దెబ్బ హ్యాట్‌ని మూయదు కదా! కాబట్టి ఒకటో బీట్‌లో తెరిచిన హ్యాట్ రెండో బీట్ స్నేర్‌ని దాటుకుని తర్వాతి ‘ధి’ దాకా, అంటే 500 మిల్లీసెకన్లు మోగుతుంది. రెండో బీట్‌లో తెరిచింది మాత్రం మూడో ‘త’ దగ్గర క్లోజ్డ్ పడి 250కే ఆగుతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. మీరు టెంపో అనుకుంటున్న కుంటుడు ఇదే. పైగా ఆ పొడుగు మోత సరిగ్గా స్నేర్ మీద పడి దాని పదును కూడా చంపేస్తుంది. అప్పుడు స్నేర్ వాల్యూమ్ పెంచుతారు. దానికి తగ్గట్టు హ్యాట్ పెంచుతారు. చివరికి మిక్సర్ దగ్గర కూర్చున్న అబ్బాయిని తిడతారు.

మందు మూడు రకాలు. ఎడమ కాలికి హ్యాట్ పెడల్ కొనుక్కుని ప్రతి ‘త’కీ తొక్కడం అసలు పద్ధతి. ప్యాడ్‌లో లేయర్ సౌకర్యం (ఒకే దెబ్బకి రెండు చప్పుళ్లు) ఉంటే స్నేర్ కింద క్లోజ్డ్ హ్యాట్‌ని సన్నగా కలిపి, హ్యాట్ గ్రూపులోనే పెట్టడం రెండోది. ఇందులో ఒక చిక్కుంది: ఆ లేయర్‌కి విడిగా గ్రూపు ఇవ్వలేని ప్యాడ్‌లో ఓపెన్ హ్యాట్ కొట్టినప్పుడల్లా స్నేర్ మోత కూడా తెగుతుంది. మూడోది ఖర్చు లేనిది, నాకు ఇష్టమైనది: రెండు, నాలుగు బీట్ల మీద కుడి చెయ్యి స్నేర్ కొడుతుండగా, అదే క్షణంలో ఎడమ చెయ్యి క్లోజ్డ్ హ్యాట్ కొట్టాలి. ఎడమ చేతికి బార్‌కి రెండే దెబ్బలు. అవి వినపడక్కర్లేదు, మూస్తే చాలు. స్నేర్ ప్యాడ్ కుడి వైపు కింద, ఓపెన్ హ్యాట్ సరిగ్గా దాని పైన, క్లోజ్డ్ స్నేర్‌కి ఎడమ పక్కన పెట్టుకోండి. చేతులు అడ్డం పడవు.

కుడి చెయ్యి దెబ్బల బరువు, ప్యాడ్ చూపించే 127 కొలతలో, ‘త’ మీద క్లోజ్డ్ 80, ‘ధి’ మీద ఓపెన్ 100 దగ్గర ఉంటే చాలు. పదహారూ వాయించేవాళ్లు ‘క’, ‘మి’ 50 దాటనివ్వొద్దు.

నేలకీ గోడలకీ చీమకుర్తి గ్రానైట్ పరిచిన కల్యాణమండపంలో వాయించాల్సి వస్తే ఓపెన్ హ్యాట్ డికే (మోత నిలిచే సేపు) తగ్గించండి, రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) పూర్తిగా తీసేయండి. హాలే కావలసినంత మోత ఇస్తుంది. ఆరుబయట తిరునాళ్ల స్టేజీ మీద మళ్లీ మామూలుగా పెట్టుకోవచ్చు.

ఇంకో చిన్న తప్పు. మాస్ పాటలకి అలవాటుపడ్డ చెయ్యి తెలియకుండానే తకిట వైపు ఒరుగుతుంది. ‘ధి’ సరిగ్గా నడిమధ్య పడకుండా వెనక్కి జారి, తప్పెట ఊపు వస్తుంది. ఊరేగింపుకి అది బంగారం, డిస్కోకి పనికిరాదు.

ఇక టెంపో. 112 దగ్గర మొదలెట్టినవాళ్లు చరణం అయ్యేసరికి పరుగెత్తుతున్నారు. డిస్కో వేగంలో లేదు, నిలకడలో ఉంది. బీ జీస్ 1977లో చేసిన ‘స్టేయిన్ అలైవ్’ టెంపో 103 చుట్టుపక్కలే. అందులో డ్రమ్స్ మొదటి నుంచి చివరిదాకా మనిషి వాయించినవి కావు. వాళ్లదే ఇంకో పాట ‘నైట్ ఫీవర్’ టేపు నుంచి రెండు బార్లు కత్తిరించి, రింగులా అతికించి తిప్పారు. అంత నిలకడ మీద గొంతు ఎక్కడికి తీసుకెళ్లినా పాట జారదు.

డిస్కోని మెరుపు చొక్కాలతో, తిరిగే అద్దాల బంతితో గుర్తుపెట్టుకున్నవాళ్లు అది ఎప్పుడో పోయిందంటారు. 1979 జులై 12న చికాగోలోని బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పేల్చి మరీ సంబరం చేసుకున్నారు. కొన్నేళ్లకి అదే చికాగోలో అదే కిక్, అదే ఓపెన్ హ్యాట్‌తో హౌస్ మ్యూజిక్ అనే డాన్స్ సంగీతం పుట్టింది. మన వైపు 1980లో సంగీత దర్శకుడు బిద్దు బాణీకి గాయని నాజియా హసన్ గొంతు, తర్వాత సంగీత దర్శకుడు బప్పీ లహిరి. 1986లో ‘సింహాసనం’ సినిమాకి బప్పీయే పనిచేసి రాజుల కథలో కూడా ఆ ఊపు తెచ్చాడు. నెల్లూరు రిసెప్షన్లలో ఇవాళ్టికీ పిల్లలతోపాటు పెద్దవాళ్లు కుర్చీల్లోంచి లేచేది ఈ పాటలకేనంటే, నా లెక్కలో కారణం ఒకటే: ప్రతి బీట్‌కీ కిక్ ఉంటుంది కాబట్టి అడుగు తప్పే భయం లేదు, ‘ధి’ దగ్గర హ్యాట్ మడమ లేపుతుంది. డాన్స్ రానివాళ్ల కాలు కూడా ఆడుతుంది. ఆ హ్యాట్ మూతపడకపోతే లేచిన మడమ ఎప్పుడు దించాలో తెలియదు, మళ్లీ కూర్చుంటారు.

అభ్యాసం. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి 120లో వాయించండి. క్లిక్ ఒకటి, మూడు బీట్ల మీదే వస్తుంది. అది కుదిరాక 30కి దించండి, బార్‌కి ఒకే క్లిక్. తర్వాత కష్టమైనది: 112 పెట్టి, ప్రతి క్లిక్కూ ‘ధి’ అనుకుని వాయించండి. క్లిక్ వచ్చినప్పుడు ఓపెన్ హ్యాట్ తెరుచుకోవాలి, కిక్ రెండు క్లిక్కుల మధ్య పడాలి. మొదట్లో కాలు క్లిక్ మీదకి పారిపోతుంది. ఆపి, నోటితో తకధిమి అనుకుని మళ్లీ ఎక్కండి.

రికార్డింగ్ ఇట్టా పంపండి: 112 టెంపో, మొదటి 8 బార్లు క్లిక్‌తో, ఆ తర్వాత క్లిక్ లేకుండా, మొత్తం 140 బార్లు. సరిగ్గా వాయిస్తే ఐదు నిమిషాలు పడుతుంది. 4 నిమిషాల 50 సెకన్లకే అయిపోతే మీరు సగటున 116 దగ్గర పరుగెత్తినట్టు, అది పంపొద్దు. ఫోన్ స్పీకరు మూతి దగ్గర కాకుండా ఆరడుగుల దూరంలో పెట్టండి, లేకపోతే నాకు కిక్ తప్ప ఏమీ వినపడదు. బేస్ వాయించేవాళ్లు ఈలోపు ఖాళీగా ఉండకుండా, ఏ తీగ మీదైనా కింది స్వరం ‘త’కి, దాని పైస్థాయి ‘ధి’కి వేసి చూడండి. పై స్వరాన్ని కూడా తర్వాతి ‘త’ లోపల వేలితో నొక్కి ఆపేయాలి.