పొట్టి క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ నకలు: చరిత్రలో అలాంటిది ఉందో లేదో ఎలా తేల్చాలి?

క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ అంటే సిలిండర్ అరల్లో నల్లమందు, గుండు విడివిడిగా దట్టి, వెనక చిన్న పేలుడు క్యాప్ తొడిగి కాల్చే పాతకాలపు రివాల్వర్. 1860ల అమెరికాలో ఇలాంటి పొట్టి రివాల్వర్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. అయితే అవి ఒళ్లంతా చిన్నవే: జేబులో పట్టే ఫ్రేమ్, .31 లేదా .36 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం, అంగుళాల్లో), ఎక్కువగా అయిదు అరల సిలిండర్. ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో ఉబెర్టి, పియెట్టా కంపెనీలు ఇప్పుడు చేసే పొట్టి నకళ్లలో చాలావాటి కథ వేరు. పెద్ద సైనిక రివాల్వర్‌కు బ్యారెల్ మాత్రం కురచ చేస్తారు. "షెరీఫ్", "స్నబ్ నోజ్" అన్నవి అమ్మకం కోసం పుట్టిన పేర్లు. మీ ముందున్నది ఏ రకమో తేల్చడానికి ఒక స్కేలు, మంచి వెలుతురు, చిన్న చెక్క సుత్తి చాలు.

1. ముందు ఖాళీదో కాదో చూడండి

నిపుళ్ల (సిలిండర్ వెనక క్యాప్ తొడిగే చిన్న మొనలు) మీద క్యాప్‌లు లేనంత మాత్రాన ఖాళీ అనుకోవద్దు. లోపలి నల్లమందు ఏళ్లు గడిచినా పేలుతుంది. కోల్ట్ రకమైతే (సిలిండర్ పైన ఫ్రేమ్ కప్పు లేనిది) హ్యామర్‌ను సగం ఎత్తులో నిలిపి, బ్యారెల్‌ను పట్టి ఉంచే చీలను కుడి నుంచి ఎడమకు మెల్లగా తట్టి బయటికి లాగి, బ్యారెల్ విడదీయండి. రెమింగ్టన్ రకమైతే (సిలిండర్ పైన కూడా ఫ్రేమ్ ఉండేది) బ్యారెల్ కింద గుండ్లు దట్టే లివర్ దించి, ఇరుసు ముందుకు లాగితే సిలిండర్ పక్కకు దొర్లి వస్తుంది. ప్రతి అరలో సన్నని చెక్కపుల్ల దించి లోతు కొలవండి. ఏ అరలోనైనా పుల్ల అడుగుదాకా దిగకపోతే అందులో మందుగుండు ఉన్నట్టే. దాన్ని మీరు తీయబోకుండా తుపాకుల మెకానిక్‌కు అప్పగించండి.

2. బ్యారెల్ కొలిచి, క్యాలిబర్‌తో జత చూడండి

మూతి నుంచి సిలిండర్‌కు ఎదురుగా ఉండే అంచు వరకు కొలవాలి. ఫ్యాక్టరీ నుంచి మామూలుగా వచ్చిన కొలతలు ఇవి (ముందు క్యాలిబర్, తర్వాత బ్యారెల్ పొడవు):

- కోల్ట్ 1849 పాకెట్: .31; 3, 4, 5, 6 అంగుళాలు
- కోల్ట్ 1862 పోలీస్: .36; 3½, 4½, 5½, 6½ అంగుళాలు
- కోల్ట్ పాకెట్ నేవీ: .36, 4½, 5½, 6½ అంగుళాలు
- రెమింగ్టన్ న్యూ మోడల్ పోలీస్: .36, 3½ నుంచి 6½ అంగుళాలు
- కోల్ట్ 1851 నేవీ: .36, 7½ అంగుళాలు
- కోల్ట్ 1860 ఆర్మీ, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ: .44, 8 అంగుళాలు

కాబట్టి మూడంగుళాల .31 పాకెట్ నకలు చూసి ముఖం చిట్లించనక్కర్లేదు, అది చరిత్రకు సరిపోతుంది. అయిదంగుళాల ".44 క్యాలిబర్ 1851 నేవీ" మాత్రం పొడవులోనూ తప్పే, క్యాలిబర్‌లోనూ తప్పే. రెమింగ్టన్ వాటిని అందరూ "1858" అంటారు గానీ, అది పేటెంట్ సంవత్సరం. న్యూ మోడల్ ఆర్మీ తయారీ మొదలైంది అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో.

3. సిలిండర్ వెనకభాగం చూడండి

కోల్ట్ కంపెనీ 1860 ఆర్మీలో నేవీ సైజు ఫ్రేమ్‌లోనే .44 పట్టించడానికి సిలిండర్ ముందు భాగాన్ని లావు చేసింది. అందుకే మధ్యలో ఒక మెట్టు కనిపిస్తుంది. ఎనిమిది పలకల బ్యారెల్, ఆరు అరలు, మెట్టున్న సిలిండర్ కలిసి కనిపిస్తే అది .44గా మార్చిన "1851" నకలు. ఇక్కడ తొందరపడితే బోల్తా పడతారు: పాకెట్ నేవీకి కూడా పలకల బ్యారెల్, మెట్టు సిలిండర్ రెండూ ఉన్నాయి. కానీ దాని అరలు అయిదే, ఫ్రేమ్ కూడా బాగా చిన్నది.

4. ఇత్తడి ఫ్రేమా?

కోల్ట్ నేవీ, ఆర్మీ ఫ్రేమ్‌లు ఇత్తడివి కావు. ఇత్తడి ఉండేది ట్రిగ్గర్ గార్డు దగ్గర, కొన్నింటికి పిడి పట్టీ దగ్గర. ఇత్తడి ఫ్రేమ్‌లు దక్షిణాది కాన్ఫెడరేట్ పక్షం చేసినవి. ఇనుము కరువై, జార్జియాలోని గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్ కార్ఖానా అలా చేసింది. అవి కూడా .36 క్యాలిబరే, పొడవు బ్యారెల్‌వే. అందుకని "కాన్ఫెడరేట్ షెరీఫ్ .44" అని చీటీ కట్టినదానికి ఆధారం వెతికినా దొరకదు. పైగా ఇత్తడి మెత్తన. .44 మందుగుండు దెబ్బలకు ఇరుసు బిగించిన చోట వదులై, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు పెరుగుతుంది.

5. లివర్, పిడి

లివర్ లేకపోవడం దానంతట అదే తప్పు కాదు. కోల్ట్ 1848 బేబీ డ్రాగూన్‌లలో చాలావాటికి, సేకర్తలు "వెల్స్ ఫార్గో" అని పిలుచుకునే 1849 రకానికి లివర్ లేదు. సిలిండర్ తీసి, ఇరుసు కొనతో గుండ్లు దట్టేవారు. కానీ మూడంగుళాల .44లో లివర్ తీసేయడం బ్యారెల్‌ను పొట్టి చేయడం వల్ల వచ్చిన అవస్థ. సిలిండర్‌ను బయటకు తీసి, విడిగా అమ్మే ప్రెస్‌లో పెట్టి గుండ్లు దట్టాలి. లివర్‌ను కురచ చేసి ఉంచిన వాటిలో పట్టు తగ్గుతుంది, మెత్తని సీసం గుండును దిగనొక్కడానికే చెయ్యి నొప్పెడుతుంది.

పిడి పక్షి తలలా గుండ్రంగా వంపు తిరిగి ఉందా? ఆ ఆకారాన్ని కోల్ట్ 1877లో తెచ్చిన డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడే) రివాల్వర్ల నుంచి తెచ్చి అతికించారు. అప్పటికి లోహపు తూటాల కాలం వచ్చేసింది.

6. ముద్రలు చదవండి

ఇటలీ ప్రూఫ్ ముద్రల (తుపాకిని పేల్చి పరీక్షించాక వేసే అధికారిక గుర్తులు) పక్కన చిన్న పెట్టెలో ఏడాది గుర్తు ఉంటుంది. 1975కు ఏఏ, 1976కు ఏబీ, అలా సాగుతుంది. అంతకు ముందు రోమన్ అంకెలు. "నల్లమందు మాత్రమే" అని ఇంగ్లిషులో చెక్కి ఉంటే అది నకలే. అసలు కోల్ట్‌లో ఒకే సీరియల్ నంబరు బ్యారెల్, ఫ్రేమ్, ట్రిగ్గర్ గార్డు మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నకళ్లన్నిటిలో ఆ పద్ధతి ఉండాలని లేదు.

7. "అప్పట్లోనూ కోసేవారు" అంటే?

నిజమే, సొంతదారులు కొందరు పొడవు బ్యారెల్‌ను కోయించుకున్నారు. కోసిన అసలుదానిలో ఆనవాళ్లు మిగులుతాయి: బ్యారెల్ మీది చిరునామా అక్షరాలు మూతికి దగ్గరగా జరిగి ఉంటాయి, లేదా తెగిపోయి ఉంటాయి, ముందు గురి పూస కొత్తగా అమర్చినట్టు ఉంటుంది, లివర్ కొక్కెం స్థానం మారి ఉంటుంది. అలా కోసిన వాటి నమూనాలో ఒక నకలు ఉంచుకుంటే తప్పు లేదు. దాన్ని ఫ్యాక్టరీ మోడల్ అని చీటీ రాయడమే తప్పు.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఒక మాట: కేంద్ర చట్టం ఈ నకళ్లను సాధారణ తుపాకుల్లో కలపకపోయినా, రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇండియాలో అయితే పేలగల నకలు ఏదైనా 1959 ఆయుధ చట్టం కిందికే వస్తుంది. లైసెన్స్ లేకుండా తెప్పించుకోవద్దు.