ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ కొనేముందు పరిశీలించవలసిన విషయాలు

ఖరీదైన ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ (చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కే, స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) కొనదలచినవారు డయల్ అందానికి, బ్రాండ్ పేరుకు మనసు పారేసుకోవడం సహజమే కానీ, ఏళ్ల తరబడి పనిచేయవలసినదీ, మరమ్మతు ఖర్చు పెట్టించేదీ లోపలి మూవ్‌మెంటే, అంటే వాచీని నడిపే యంత్రమే, కనుక పరిశీలనను అక్కడినుంచే మొదలుపెట్టాలి. వాచీ నిజంగా ఆటోమేటిక్ అవునా కాదా అన్నది తొలి ప్రశ్న. చంద్రయానంతో పేరుపొందిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ చేత్తో కీ ఇచ్చే వాచీ అని, రోలెక్స్ డేటోనా కూడా 1988 వరకు అలాంటిదేనని తెలియక పొరబడేవారున్నారు. తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ మూవ్‌మెంట్లు మూడూ 1969లోనే వచ్చాయి: జెనిత్ సంస్థ ఎల్ ప్రిమెరో; హోయర్, బ్రైట్‌లింగ్ తదితర సంస్థలు కలిసి రూపొందించిన క్యాలిబర్ 11 (క్యాలిబర్ అంటే మూవ్‌మెంట్ మోడల్); సీకో 6139. వాటిలో ఏది మొదటిదన్న వాదం నేటికీ తెగలేదు, కొనేవారికి దానితో పనీ లేదు.

స్టాప్‌వాచ్‌ను నడిపించి ఆపే ఏర్పాటు రెండు రకాలుగా ఉంటుంది. 1974లో వచ్చిన వాల్‌జూ 7750 అనే మూవ్‌మెంట్‌లో క్యామ్ (ఎగుడుదిగుడు అంచున్న బిళ్ల) ఆ పని చేస్తుంది. ఎల్ ప్రిమెరో వంటి వాటిలో కాలమ్ వీల్ (చిన్న స్తంభాలున్న చక్రం) చేస్తుంది. కాలమ్ వీల్ ఉంటే బటన్ సాధారణంగా మెత్తగా దిగుతుంది, తయారీ ఖర్చూ ఎక్కువే. అయితే క్యామ్ ఉన్నంత మాత్రాన వాచీ నాసిరకం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే 7750 దృఢత్వానికి పేరుపడ్డది, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కులు చాలామంది ఉన్నారు. దాని రోటర్ (చేయి కదిలినప్పుడు తిరిగే బరువు) ఒక దిశలోనే స్ప్రింగును చుట్టి, రెండో దిశలో ఊరికే తిరుగుతుంది కాబట్టి మణికట్టు మీద చిన్న అదురు తెలుస్తుంది. కొందరికి అది చిరాకు, కొందరికి ముచ్చట. వర్టికల్ క్లచ్ (స్టాప్‌వాచ్‌ను మూవ్‌మెంటుకు నిలువుగా కలిపే ఏర్పాటు) ఉన్న మూవ్‌మెంట్లలో స్టాప్‌వాచ్ సెకన్ల ముల్లు ఎగిరిపడకుండా కదులుతుంది. చాలా బ్రాండ్లు బయట కొన్న మూవ్‌మెంటుకే తమ సొంత నంబరు పెట్టుకుంటాయి కనుక, దాని మూలం ఏ క్యాలిబరో అడిగి తెలుసుకోవాలి.

వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ కాస్క్ ధ్రువపత్రం పొందాలంటే మూవ్‌మెంట్ 15 రోజుల పరీక్షలో సగటున రోజుకు 4 సెకన్లకు మించి వెనకబడకూడదు, 6 సెకన్లకు మించి ముందుకు పోకూడదు. అంతకన్నా కచ్చితమైన సమయమే కావలసినవారికి చవకైన క్వార్ట్జ్ వాచీ చాలు.

వాచీని చేతికి పెట్టుకొని చూడకుండా కొనడం మంచిది కాదు. ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లు మందంగా ఉంటాయి. డయల్ వ్యాసం కన్నా, పై లగ్ (పట్టీ బిగించే కొమ్ము) కొననుంచి కింది లగ్ కొన వరకు ఉన్న పొడవే అది మణికట్టుకు సరిపోతుందో లేదో చెబుతుంది. తర్వాత స్టాప్‌వాచ్‌ను నడిపించి, ఆపి, తిరిగి సున్నాకు తేవాలి. ముల్లు ప్రతిసారీ సరిగ్గా 12 దగ్గరికే రావాలి, నిమిషాల ముల్లు సవ్యంగా ముందుకు జరగాలి. ఫ్లైబ్యాక్ ఏర్పాటు (ఆపకుండానే స్టాప్‌వాచ్‌ను సున్నాకు తెచ్చి మళ్లీ నడిపించే సౌకర్యం) లేని వాచీలో స్టాప్‌వాచ్ నడుస్తుండగా రీసెట్ బటన్ నొక్కకూడదు.

వాడిన వాచీ విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. పదే పదే పాలిష్ చేస్తే లగ్‌ల అంచులు గుండ్రబడతాయి, అసలు ఆకృతి మళ్లీ రాదు. వెనకమూత తీసి తీసిన ఫొటోలు, సీరియల్ నంబరు సరిపోయే వారంటీ కార్డు, సర్వీసు రసీదులు అడగాలి. ఇవ్వడానికి వెనకాడే విక్రేతను, ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, వదిలేయాలి. వీలైతే టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే యంత్రం) మీద స్టాప్‌వాచ్ ఆపి ఒకసారి, నడిపిస్తూ ఒకసారి పరీక్షింపజేయాలి. నడిపించగానే యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) కొద్దిగా తగ్గడం మామూలే, బాగా పడిపోతే మాత్రం సర్వీసింగ్ ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

క్రోనోగ్రాఫ్ సర్వీసింగ్ మామూలు ఆటోమేటిక్ వాచీ కన్నా ఎక్కువ ఖర్చుతోనూ, ఎక్కువ సమయంతోనూ కూడిన పని. కాబట్టి దాన్ని ఎక్కడ చేస్తారు, ఎంత తీసుకుంటారు, ఆ మోడల్ విడిభాగాలు బయటి మెకానిక్కులకు దొరుకుతాయా అన్న మూడు ప్రశ్నలకు డబ్బు చెల్లించకముందే జవాబు రాబట్టాలి.