ట్యాంకు నీళ్లు బానే ఉన్నా ఒక్క వీధిలోనే మోషన్స్: సమస్య - పరిష్కారం

లక్షణం: నల్లా వదలగానే మొదటి నీళ్లు మోరీ వాసన, కాసేపటికి మామూలే. ఆ వీధిలోనే పిల్లలకి, ముసలోళ్లకి మోషన్స్.

బోరు చెడిపోయిందని గొడవ పెట్టుకునే ముందు క్లోరిన్ చూడండి బాబూ, టెస్ట్ కిట్ పంచాయతీ ఆఫీసులో ఏదో మూలన పడే ఉంటది, అందులోని మందు కలిపితే క్లోరిన్ ఉన్న నీళ్లకి రంగొస్తది. టీడీఎస్ మీటర్ పెట్టి 300 వచ్చింది మంచి నీళ్లే అనకండి, అది నీళ్లలో కరిగిన లవణాలే చూపిస్తది, దానికి బ్యాక్టీరియా కనపడదు.

ట్యాంకు దగ్గర ఒకటి, వీధి చివరి నల్లా దగ్గర ఒకటి టెస్ట్ చేయండి. ట్యాంకు దగ్గరే రంగు రాలేదంటే బ్లీచింగ్ వేయలేదు, లేదా సంచి తెరిచి వదిలేస్తే పౌడర్‌లో బలం పోయింది. తాజాది 1000 లీటర్లకి 4 గ్రాముల లెక్కన బకెట్లో కలిపి, తేట మాత్రమే పోసి, అరగంట ఆగి వదలండి. చివరి నల్లాలో క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం (అంటే లీటరుకి 0.2 మిల్లీగ్రాములు) ఉండాలి.

ట్యాంకులో ఉంది, పక్క వీధి చివర కూడా ఉంది, ఇక్కడ మాత్రం లేదు అంటే తప్పు పైపుదే. అసలు దొంగ ఇక్కడే ఉంటాడు. ప్రెజర్ రాదని ఇంటి ముందు గుంత తవ్వి నల్లా కిందికి దించుతారు, మూత ఉండదు, గుడ్డ కుక్కుతారు, గుంత నిండా మోరీ నీళ్లు. సప్లై ఆగగానే పైపులో నీళ్లు పల్లానికి జారిపోతాయి, మెరకనున్న నల్లాలు లోపలికి పీలుస్తాయి, ఎవరైనా నల్లాకి మోటార్ బిగిస్తే ఇంకా ఘోరం, పక్కింటి గుంతలో మురికి కూడా లాగేస్తది. మళ్లీ నీళ్లు వదలగానే అదంతా ముందు బిందెలోకే. మనోళ్లు శాంపిల్ పట్టేదేమో అరగంట తర్వాత, అప్పటికి పైపు కడుక్కుపోయి రిపోర్ట్ క్లీన్! అందుకే మొదటి నీళ్లే పట్టండి. సప్లై బంద్ అయ్యాక ఏ గుంతలో నీళ్లు గబగబా తగ్గుతున్నాయో చూడండి, అదే మీ దొంగ. గుంతలన్నీ పొడిగా ఉంటే మోరీ దాటే చోట జాయింట్లు తవ్వి చూడాలి.

రిపేరు: గుంత పూడ్చి నల్లా నేల పైకి తెచ్చి ట్యాప్ బిగించండి, మోటార్లు తీయించండి (తిట్లు తప్పవు), మోరీలోంచి పోయే పైపుని పక్కకి మార్చండి. తర్వాత లైనులో ఎక్కువ క్లోరిన్ నీళ్లు నింపి కొన్ని గంటలుంచి, వాసన పోయేదాకా బయటికి వదిలేయండి.

పళ్ల మీద గోధుమ రంగు మచ్చలా? అది ఫ్లోరైడ్ కావచ్చు, నల్గొండ వాళ్లకి చెప్పక్కర్లేదు, బ్లీచింగ్‌కీ మరగబెట్టడానికీ లొంగదు, ల్యాబ్‌కి పంపండి. ఎర్ర నీళ్లయితే ఎక్కువసార్లు ఇనుమే.

పైపు బాగయ్యేదాకా తాగే నీళ్లు తెర్లేలా మరగబెట్టండి, మోషన్స్ అయినోళ్లకి ఓఆర్ఎస్ ఇవ్వండి, ఒకే వీధిలో ముగ్గురు నలుగురున్నారంటే ఆశా అక్కకి ఆ రోజే చెప్పండి.