తుపానుల కాలంలో తైవాన్ వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

జూలై నుంచి సెప్టెంబరు దాకా తైవాన్‌లో తుపానుల కాలం. కోస్తా జిల్లాల వాళ్లకు తుపాను కొత్త కాదు. మనకు తెలిసిన తుపాను తీరం దాటి మైదానం మీదికి వచ్చాక బలహీనపడుతుంది. గాలి తగ్గితే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాం. తైవాన్‌లో ఆ లెక్క పనిచేయదు. ఆ ద్వీపం నడుమ ఉత్తరం నుంచి దక్షిణం దాకా కొండలే. వాటిలో ఎత్తయిన యూషాన్ శిఖరం 3,952 మీటర్లు. సముద్రం మీద నుంచి వచ్చిన మేఘాలు ఆ కొండలను ఢీకొని నీళ్లన్నీ అక్కడే కుమ్మరిస్తాయి. 2009 ఆగస్టులో మొరాకోట్ తుపాను వచ్చినప్పుడు అలీషాన్ ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే 2,700 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అప్పుడు దెబ్బతిన్న అలీషాన్ కొండ రైలు మార్గం పూర్తిగా తెరుచుకున్నది 2024 జూలైలో.

అందుకే అక్కడ గాలి కంటే కొండచరియలకు ఎక్కువ భయపడాలి. తుపాను నేరుగా తాకకపోయినా ప్రమాదం తప్పుతుందని లేదు. 2025 సెప్టెంబరులో రగాసా తుపాను కేంద్రం ద్వీపాన్ని తాకకుండా దక్షిణంగా సాగిపోయింది. అయినా ఆ వానకు తూర్పు తీరంలోని హువాలియెన్ కొండల్లో ఒక సరస్సు కట్టతెగి గ్వాంగ్‌ఫు పట్టణం మీద పడింది. అంతకుముందు వానల్లో విరిగిపడిన కొండచరియ నదికి అడ్డుపడటంతో ఏర్పడిన సరస్సు అది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. టీవీలో తుపాను దారి గీత మనం ఉన్న చోటికి దూరంగా కనిపించిందని ధైర్యపడకూడదు.

ఐదారు రోజులే చేతిలో ఉన్నవాళ్లు ఈ నెలల్లో ద్వీపం మొత్తం చుట్టి రావాలని పెట్టుకోవద్దని నా గట్టి సలహా. పటం మీద చూస్తే తైవాన్ చిన్నదే. పడమటి తీరం వెంబడి తైపే నుంచి కావోష్యుంగ్ దాకా హైస్పీడ్ రైలు రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా తీసుకుపోతుంది. కానీ తూర్పు తీరానికి ఆ రైలు లేదు. తైపే నుంచి హువాలియెన్ వెళ్లాలంటే మామూలు రైలు మార్గం, లేదా ఒకవైపు కొండ, మరోవైపు పసిఫిక్ మహాసముద్రం ఉండే సూహువా రోడ్డు. 2010 అక్టోబరులో మేగీ తుపాను వానలకు ఆ రోడ్డు మీద కొండచరియలు పడి పర్యాటకుల బస్సు కొట్టుకుపోయింది. వాన పడుతుండగా ఆ రోడ్డు మీద కారులో గానీ బస్సులో గానీ వెళ్లవద్దు. తూర్పున ఒక చోట దారి తెగితే వెనక్కి రావడానికి దక్షిణంగా ద్వీపం చుట్టి రావాలి. ఆ దారి కూడా మూసుకుపోతే అక్కడే చిక్కుకుంటారు.

తూర్పు వైపు చూడాలనే ఉంటే దాన్ని యాత్ర మొదట్లో పెట్టుకోండి, అదీ వాతావరణం బాగుందని నిర్ధారించుకున్నాకే. తిరుగు విమానానికి ముందు రెండు రాత్రులు తైపేలో ఉండేలా చూసుకోండి. హువాలియెన్ దగ్గరి తరోకో లోయ కోసమే వెళ్తున్నవాళ్లకు ఇంకో మాట. 2024 ఏప్రిల్ 3న వచ్చిన పెద్ద భూకంపంలో ఆ లోయ బాగా దెబ్బతిని మూతపడింది. తర్వాత కొంత భాగమే తెరిచారు. పాత వీడియోలు చూసి గది బుక్ చేసుకోకుండా, ఏయే దారులు తెరిచి ఉన్నాయో తరోకో జాతీయ పార్కు వెబ్‌సైటులో చూడండి. లాన్‌యూ, గ్రీన్ ఐలాండ్ లాంటి చిన్న దీవులకు ఈ కాలంలో వెళ్లకపోవడమే మేలు. అలలు లేస్తే పడవలు, గాలి పెరిగితే చిన్న విమానాలు ఆగిపోతాయి.

తైవాన్ వాతావరణ శాఖ రెండు దశల్లో హెచ్చరిస్తుంది: మొదట సముద్రానికి, తర్వాత నేలకు. మొదటిది రాగానే మీరు కొండ మీద ఉన్నా, తూర్పున ఉన్నా సామాను సర్దుకుని తైపేకో పడమటి తీరంలోని పెద్ద నగరానికో చేరండి. రెండోది వచ్చేదాకా ఆగితే రైళ్లు నిండిపోతాయి, లేదా ఆగిపోతాయి. నేల హెచ్చరిక అమల్లో ఉండగా మూసేసిన కొండదారుల్లోకో సముద్రతీరానికో వెళ్తే జరిమానా వేస్తారు. అలలు చూద్దామని వెళ్లి కొట్టుకుపోయినవాళ్లు ఏటా ఉంటారు. తుపాను వందల కిలోమీటర్ల దూరాన ఉన్నప్పుడే, ఎండ కాస్తుండగానే పెద్ద అల ఒకటి లేచి రాతి గట్టు మీద ఉన్నవాళ్లను లాగేస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నాను.

తుపాను వల్ల మర్నాడు ఆఫీసులకు, బడులకు సెలవు ఉంటుందా లేదా అన్నది ఏ జిల్లాకు ఆ జిల్లా ప్రకటిస్తుంది. సాధారణంగా ముందురోజు రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య తెలుస్తుంది. హోటల్ కౌంటరులో అడిగితే చెప్తారు. సెలవు ప్రకటిస్తే మ్యూజియంలు, కేబుల్ కార్లు, రాత్రి సంతలు చాలావరకు మూసేస్తారు. గాలి మరీ ఎక్కువైతే తైపే మెట్రో వంతెనల మీద నడిచే భాగాలను ఆపుతుంది. ఆ సాయంత్రమే సెవెన్ ఇలెవెన్ దుకాణాల్లో నూడుల్స్, రొట్టె, నీళ్ల సీసాలు ఖాళీ అవుతాయి. శాకాహారులు ఇంకా ముందు మేలుకోవాలి. తైవాన్‌లో బౌద్ధుల శాకాహార భోజనశాలలు చాలా ఉన్నాయి. నచ్చినవి పళ్లెంలో వడ్డించుకుంటే తూకం వేసి డబ్బు తీసుకునే చోట్లు కూడా ఉన్నాయి. తుపాను రోజున అవి తెరవరు. ఇంటి నుంచి అటుకులు, పులిహోర పొడి, ఉప్మా మిక్స్ లాంటివి తెచ్చుకుంటే గదిలో వేడినీళ్లతో గడిచిపోతుంది.

కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం సంచిలో పెట్టుకోవద్దు. మాంసం కలిసిన ఏ పదార్థాన్నీ అనుమతించరు. పందులకు వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ జబ్బు ఉన్న దేశాల నుంచి పంది మాంసం తెస్తే జరిమానా రెండు లక్షల తైవాన్ డాలర్లు, మన డబ్బులో ఐదు లక్షలకు పైమాటే. తాజా పండ్లు కూడా వద్దు.

విమానం హాంకాంగ్ మీదుగా ఉంటే అక్కడి తుపాను కూడా మీ తుపానే అనుకుని చూసుకోవాలి. ప్రయాణ బీమా టికెట్ కొన్నప్పుడే తీసుకోండి, ఎందుకంటే తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపాను నష్టానికి సాధారణంగా డబ్బు ఇవ్వదు. పాలసీలో వాతావరణం వల్ల ఆలస్యమైతే హోటల్ ఖర్చు ఇస్తారో లేదో చదవండి. హోటల్ గది కాస్త ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

ఫోనులో అత్యవసర హెచ్చరికలను ఆపి ఉంచవద్దు. భూకంపం వచ్చినప్పుడు కూడా ఆ మోతే ముందుగా వినిపిస్తుంది. పోలీసులకు 110, అంబులెన్సు, అగ్నిమాపక దళానికి 119. విదేశీయుల సమాచార కేంద్రం నంబరు 1990, రాత్రీ పగలూ పలుకుతుంది. హోటల్ పేరు, చిరునామా చైనీస్ అక్షరాల్లో ఉన్న కార్డు ఇంటిల్లిపాదికీ తలా ఒకటి ఇవ్వండి. కరెంటు పోయి ఫోను ఆగిపోయినా ఆ కార్డు చూపితే టాక్సీ డ్రైవరు మిమ్మల్ని గదికి చేరుస్తాడు.