బొమ్మ వేస్తారు, రాయమంటే ఆగిపోతారు: ప్రైమరీ క్లాసులో సమస్యలు, పరిష్కారాలు

తిరుపతి పక్కనే ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. వారానికి రెండు పీరియడ్లు పిల్లలతో బొమ్మలు వేయించి, వాటి మీదే రాయిస్తాను. మొదట్లో రాయించాక "ఇప్పుడు దీనికి బొమ్మ వెయ్యండి" అనేదాన్ని. బొమ్మ అలంకారంగా మిగిలిపోయేది. వరస తిప్పేశాను. ముందు బొమ్మ, తర్వాత మాట, చివర రాత. అయినా ప్రతి ఏడూ కొన్ని చిక్కులు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి కారణం పిల్లలు కాదు, మనం అడిగిన ప్రశ్న.

సమస్య: క్లాసంతా ఒకే బొమ్మ

కోసుగా మొనదేలిన రెండు కొండలు, నడుమ పొద్దు, కింద ఏరు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు, నాలుగు పక్షులు. ముప్పై పేపర్లూ ఇదే.

కారణం: "సీనరీ వెయ్యండి" అన్నాం. సీనరీ అంటే వాళ్లకు చూసే చోటు కాదు, ఎవరో నేర్పిన ఒక బొమ్మ. ఆ మాట వినగానే చెయ్యి దానంతట అదే కొండలు గీసేస్తుంది.

పరిష్కారం: పిల్లల్ని వరండాలోకి తీసుకుపోండి. పాత పెళ్లిపత్రిక అట్టలో అగ్గిపెట్టె అంత కిటికీ కత్తిరించి తలా ఒకటి ఇవ్వండి. ఒక కన్ను మూసి అందులోంచి చూడమనండి. మా వరండాలో ఈ పని చేసినరోజు నాలుగో తరగతి పాప ఒకతి అట్ట దించి, "మేడం, మన కొండకు కోసు లేదు, పైన గోడ మాదిరి సమంగా ఉంది" అంది. శేషాచలం కొండలు తిరుపతి నుంచి చూస్తే అలాగే కనిపిస్తాయి. పొడుగ్గా, పైన చదునుగా, నడుమ ఎర్రటి రాతి చరియలతో. పైగా అవి ఊరికి ఉత్తరాన ఉన్నాయి. పొద్దు వాటి నడుమ నుంచి పుట్టదు. రోజూ చూసే కొండే, ఆ రోజు మొదటిసారి చూశారు.

చూశాక వెంటనే గీయించకండి. "పక్కవాళ్ల కిటికీలో లేనిది నీ కిటికీలో ఏముంది?" అని అడగండి. ఒకరికి ఘాట్ రోడ్డు మలుపు, ఒకరికి కరెంటు తీగ మీద కాకి, ఒకరికి ఆరేసిన లుంగీ. అది పెద్దగా గీసి, కింద రెండు వాక్యాలు రాయమనండి. ఒకటి కనిపించేది, ఇంకోటి వినిపించేది. వినిపించేది బొమ్మలో వెయ్యలేరు కాబట్టి దానికి మాటే కావాలి. రాయాల్సిన అవసరం పిల్లవాడికి అక్కడ తెలుస్తుంది.

సమస్య: బొమ్మ చక్కగా ఉంది, రాత మాత్రం "ఇది మామిడి చెట్టు. ఇది పచ్చగా ఉంది"

నన్ను ఎక్కువ కష్టపెట్టింది ఇదే.

కారణం: పిల్లలకు తెలిసిన రాత అంతా జవాబులే. "ఇది ఏమిటి?" అన్న ప్రశ్నకు జవాబు రాసినట్టే బొమ్మకూ రాస్తారు. బొమ్మలో జరుగుతున్నది ఎవరూ అడగలేదు.

పరిష్కారం: బడి తెరిచే జూన్ నెలలో మన జిల్లాలో తోతాపురి మామిడికాయ కోతలు. మూడో తరగతి బాబు ఒకడు ట్రాక్టరు వేశాడు. టైరు గీతలతో సహా శ్రద్ధగా వేశాడు. కింద "ఇది ట్రాక్టరు" అని ఆపేశాడు. పక్కన కూర్చుని అడిగాను.

"ఎవరిది నాయనా ఈ ట్రాక్టరు?"

"మా చిన్నాయనది మేడం."

"ఇప్పుడు యాడ నిలబడింది?"

"జ్యూస్ ఫ్యాక్టరీ కాడ. లైను ఉంది."

"లైనులో చిన్నాయన ఏం చేస్తున్నాడు?"

"టార్పాలు కింద పండుకున్నాడు. రెండు రాత్రులు. మా నాయన సంగటి తీసకపోయినాడు."

"ఇప్పుడు నాకు చెప్పినావే, అది రాయి" అన్నాను. ఐదు వాక్యాలు రాశాడు. ఆ తర్వాత వాడే ట్రాక్టరు కింద పండుకున్న మనిషిని, పక్కన సంగటి గిన్నెను కలిపాడు. రాత బొమ్మను మార్చింది. నాకు కావాల్సింది అదే.

ప్రశ్నలు మూడు చాలు. ఎవరు? ఎక్కడ? దీనికి ముందు ఏం జరిగింది? "ఏమిటి" అని మాత్రం అడగకండి. నలభై మందినీ మీరొక్కరే అడగలేరు, కాబట్టి ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరినొకరు అడగమనండి. నోటితో చెప్పాకే పెన్సిల్ పట్టాలి.

సమస్య: కథ ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోతుంది

కారణం: ఒక పేపరు ఇచ్చాం కాబట్టి ఒక బొమ్మ వేశారు. కథ నడవాలంటే దానికి గళ్లు కావాలి.

పరిష్కారం: శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి, దొరక్కపోతే ఫోటో అయినా, క్లాసులో చూపించండి. గళ్లుగళ్లుగా కథ నడుస్తుంది, బొమ్మల వరసల పక్కన సన్నటి పట్టీల్లో తెలుగులో కథ రాసి ఉంటుంది. మన పక్క ఊళ్లోనే బొమ్మా రాతా కలిసి కథ చెప్పే పద్ధతి ఉంది. కామిక్ అంటే ఏమిటో వేరే చోటు నుంచి తెచ్చి చెప్పాల్సిన పనిలేదు.

గళ్లకు సరిపోయే కథ తిరుపతి గంగమ్మ జాతర. మే నెలలో జాతర చూసి, జూన్‌లో దాని కబుర్లతో బడికొస్తారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. భక్తులు రోజుకో వేషం కడతారు, వేషానికో గడి. అయితే వేషం ఒక్కటే వేస్తే మళ్లీ "ఇది దొర వేషం" అని ఆగుతారు. ప్రతి గడిలో తనను తాను కూడా వేసుకోవాలని షరతు పెట్టండి. ఎవరి భుజాల మీద ఉన్నాడు, భయపడ్డాడా, ఏం కొనిపించుకున్నాడు. ఏడాదంతా నోరు విప్పని పిల్లలు ఈ పాఠంలో మాట్లాడారు.

గళ్లకు బదులు చిన్న పుస్తకమూ చేయొచ్చు. పేపరును మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. అడ్డంగా ఒకసారి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద సగం దాకా కత్తిరించండి. విప్పి, నిలువుగా మడిచి, రెండు చివర్లనూ లోపలికి నెడితే ఎనిమిది పేజీల పుస్తకం. పిన్ను, జిగురు అక్కర్లేదు. కత్తెర పని మీరే చేయండి.

సమస్య: "నాకు రాయడం రాదు మేడం"

కారణం: ఎర్ర పెన్ను. వత్తు తప్పితే గీత, దీర్ఘం తప్పితే గీత. పైగా వాళ్లు ఇంట్లో మాట్లాడే మాట రాస్తే అదీ తప్పే అంటున్నాం. "యాడికి పోతా ఉండావు" అని రాసిన పిల్లవాడి మాట కొట్టేస్తే వాళ్ల అవ్వ మాట కొట్టేసినట్టే.

పరిష్కారం: మనుషులు మాట్లాడేదంతా కామిక్‌లో మాదిరి మాటల బుడగల్లో రాయించండి. బుడగలో ఇంటి మాట ఉన్నదున్నట్టు ఉంటుంది, దాన్ని దిద్దకండి. బుడగ బయట కథ చెప్పే వాక్యం పుస్తకం భాషలో ఉంటుంది. రెండిటికీ తేడా వ్యాకరణం చెప్పకుండానే తెలిసిపోతుంది. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది. వాళ్ల బుడగలో తమిళ మాట తెలుగు అక్షరాల్లో రానివ్వండి.

మాట రాయడం రాకపోతే అక్కడ చిన్న బొమ్మ వేసి ముందుకు పోమనండి. "మా జేజి" (నాయనమ్మ) తర్వాత కుండ బొమ్మ, తర్వాత "దించింది". ఆఖర్న ఆ బొమ్మల దగ్గర మాటలు నింపడానికి మీరు సాయం చేయండి. దిద్దేటప్పుడు ఒక రోజుకు ఒక్క విషయమే చూడండి. ఈ రోజు వత్తులైతే వత్తులే.

సమస్య: పేపరు చిరిగేదాకా చెరుపుతారు

కారణం: చేతిలో రబ్బరు ఉండటం.

పరిష్కారం: బొగ్గు ఇవ్వండి. కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద మొదటి గీతలు కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే గీస్తారు. ఆ గీత ఎలాగూ దులిపితే పోయేదే కాబట్టి చెయ్యి భయం లేకుండా తిరుగుతుంది. పుల్లలు ఇంట్లో కాల్చి తెచ్చి, మొదటి పది నిమిషాలు వాటితోనే గీయించండి. పెన్సిల్ తర్వాత.

సమస్య: రంగులు లేవు

పసుపు నీళ్లు, ఎర్రమన్ను, నలిపిన ఆకు చాలు. పసుపు పూసిన చోట బట్టల సబ్బు నీళ్లు తగిలిస్తే ఎర్రగా తిరుగుతుంది. పిల్లలు కేక వేస్తారు. దాని మీదే "ఏం కలిపాను, ఏమైంది" అని నాలుగు వాక్యాలు రాయించండి.

సమస్య: ఒకే గదిలో ఐదు తరగతులు

కారణం: అందరికీ ఒకే పని ఇచ్చాం. ఐదో తరగతి వాళ్లు పావుగంటలో ముగిస్తారు, ఒకటో తరగతి పిల్లలు పేపరు చుట్టేసి కూర్చుంటారు.

పరిష్కారం: కథ ఒకటే, పనులు వేరు. ఒకటి, రెండు తరగతులు బొమ్మ వేసి పేర్లు రాస్తారు. మూడో తరగతి బుడగలు నింపుతుంది. నాలుగు, ఐదు తరగతులు కథ రాస్తారు. ప్రతి జట్టులో అన్ని తరగతుల పిల్లలూ ఉండాలి. పెద్దపిల్లలు చిన్నపిల్లల బొమ్మ మీద గీతలు పెట్టకూడదని ముందే చెప్పండి. చిన్నవాడి ఆవుకు ఐదు కాళ్లుంటే, ఐదో కాలు ఎలా వచ్చిందో కథలో రాయాల్సింది పెద్దవాళ్లే.

సమస్య: "బొమ్మలేసుకుంటా కూర్చుంటే చదువెప్పుడు మేడం?"

ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. వాళ్ల భయం నిజమైనదే. పిల్లవాడి బ్యాగులో బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనక జరిగిన మాటా రాతా కనిపించవు.

పరిష్కారం: మీరు వివరించకండి. ఆ ఎనిమిది పేజీల పుస్తకం ఇంటికి పంపి, రాత్రి అన్నం తిన్నాక జేజికో నాయనకో చదివి వినిపించమనండి. విన్నవాళ్లు చివరి పేజీలో ఒక ప్రశ్న అడగాలి. చదువు రానివాళ్లయితే వాళ్లు చెప్పింది పిల్లలే రాసుకురావాలి. ట్రాక్టరు బాబు పుస్తకం చివర వాళ్ల చిన్నాయన ప్రశ్న ఉంది: "నేను లేచినాక కాయ ఏ రేటుకు పోయింది, అది రాయలేదే?" మర్నాడు వాడు ఇంకో పేపరు అడిగి తీసుకున్నాడు.