కిట్ కారు డిజైన్‌ని కాపీ కొట్టాలా, సొంతంగా గీసుకోవాలా?

ఇంటి షెడ్డులో స్పోర్ట్స్ కారు కట్టుకునేవాళ్లలో చాలామంది లోటస్ సెవెన్ తరహాతోనే మొదలుపెడతారు. లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన ఈ రెండు సీట్ల బండిలో దాచిపెట్టినదేమీ కనబడదు. సన్న గొట్టాల చాసిస్, దానికి రివెట్లతో బిగించిన అల్యూమినియం రేకు, ముందు ఇంజను, వెనక చక్రాలకు డ్రైవ్. 1973లో హక్కులు కేటరమ్ కంపెనీకి వెళ్లాయి. ఆ తర్వాత అదే పోలికలో ఎన్నో కిట్లు (విడి భాగాలుగా కొని ఇంట్లో కట్టుకునే కార్లు) వచ్చాయి. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ సామాన్లతో చవగ్గా కట్టుకునే లోకాస్ట్ కార్లు 1990ల నుంచి బ్రిటన్‌లో బాగా పాకాయి.

చూడ్డానికి ఇంత సులువుగా ఉంది కాబట్టే టేపు పట్టుకుని కొలిచేసి కట్టేద్దామనిపిస్తుంది. అలా చేయకండి. చక్రాల దగ్గరి జామెట్రీని (సస్పెన్షన్, స్టీరింగ్ భాగాల కొలతలు, కోణాలు) నమ్మకమైన డ్రాయింగుల నుంచి తీసుకోండి. చాసిస్ నడుం భాగాన్ని మీ ఒంటికి, మీ ఇంజనుకి తగ్గట్టు మీరే గీసుకోండి. బాడీకి మాత్రం ఎవరి కారు మీదా అచ్చు తీయకండి. పని ఈ వరుసలో చేయాలి.

1. ముందు చట్టం సంగతి తేల్చుకోండి

బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం రిజిస్టర్ చేయని డిజైన్‌కి కూడా రక్షణ ఉంది. గీసిన ఏడాది ముగిసిన నాటి నుంచి 15 ఏళ్లు, లేదా ఐదేళ్లలోపు అమ్మకానికి వస్తే అమ్మకం మొదలైన ఏడాది ముగిసిన నాటి నుంచి 10 ఏళ్లు. రిజిస్టర్ చేసినదానికి గరిష్ఠంగా 25 ఏళ్లు. పేరుకీ లోగోకీ ఉండే ట్రేడ్‌మార్క్ హక్కు వేరే, దాన్ని రెన్యూ చేస్తున్నంత కాలం అది పోదు. 1980ల చివర్లో కేటరమ్ న్యాయపోరాటానికి దిగాక వెస్ట్‌ఫీల్డ్ అనే కిట్ కార్ల కంపెనీ తన కారు రూపు మార్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఫెరారీ పోలికతో ఫైబర్ బాడీలు చేసి అమ్మిన వ్యక్తి 1991లో అప్పీల్ కోర్టులోనూ ఓడిపోయాడు. పేరు పెట్టకపోయినా ఆ ఆకారం చూస్తేనే జనం ఫెరారీ అనుకుంటారన్నది అక్కడ తేలిన విషయం. విష్‌బోన్ (చక్రాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే చేయి) ఎంత పొడవుండాలి, పివట్లు (అది తిరిగే కీళ్లు) ఎక్కడుండాలి అనే ఇంజనీరింగ్ జ్ఞానం మీద ఇలాంటి తగాదాలు అరుదు. గొడవంతా పైతొడుగు దగ్గరే.

మన దేశంలో కడుతున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొత్త మోడల్ రోడ్డెక్కాలంటే కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 126వ నియమం కింద ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో ప్రోటోటైప్ పరీక్ష నెగ్గాలి. ఒక్క బండి కోసం అది అయ్యే పని కాదు. కాబట్టి ఇక్కడ కట్టేది ట్రాక్ కోసమో, బాహా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి విద్యార్థి పోటీల కోసమో అనుకునే మొదలుపెట్టండి. పోటీకైతే ఆ ఏడాది రూల్‌బుక్కే మొదటి డ్రాయింగు.

2. పాత కారు కొనండి, తర్వాతే గీయండి

ఏ కారు నుంచి ఇంజను, గేర్‌బాక్స్, హబ్బులు (చక్రాలు బిగించే భాగాలు), స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) తీస్తారో ఖాయం కాకుండా గీసిన డ్రాయింగు వృథా. ఇంజను సంప్ (నూనె తొట్టి) అడుగు నుంచి వాల్వ్ కవర్ పైదాకా ఎత్తు, బెల్‌హౌసింగ్ (ఇంజనుని గేర్‌బాక్స్‌కి కలిపే గంట ఆకారపు పెట్టె) వెడల్పు, గేర్ లివర్ ఎక్కడ లేస్తుందో, ర్యాక్ లోపలి జాయింట్ల మధ్య దూరం ఎంతో రాసుకోండి. తర్వాత ప్లైవుడ్ ముక్కలతో సీటు, పెడల్స్, స్టీరింగ్ నిలబెట్టి బూట్లు వేసుకుని కూర్చోండి. సెవెన్ తరహాలో పెడల్ బాక్స్ బాగా ఇరుకు. బ్రేక్ తొక్కితే పక్క పెడల్ కూడా తగులుతోందంటే వెడల్పు ఇప్పుడే పెంచాలి.

3. జామెట్రీలో ఏది కదిపితే ఏది చెడుతుందో చూసుకోండి

కాపీ కొట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక డ్రాయింగు తీసుకుని, ఒళ్లు పట్టడం లేదని చాసిస్ మొత్తాన్ని 100 మి.మీ. వెడల్పు చేశారనుకోండి. ముందు విష్‌బోన్ల పివట్లు రెండు పక్కలా 50 మి.మీ. చొప్పున బయటికి జరిగాయి. ర్యాక్ మాత్రం పాతదే, దాని పొడవు పెరగలేదు. దాంతో టై రాడ్లు (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీలు) విష్‌బోన్ల కంటే బాగా పొడవైపోతాయి. చక్రం గతుకులో ఎగిరినప్పుడు విష్‌బోన్ ఒక వంపులో, టై రాడ్ ఇంకో వంపులో తిరిగి, స్టీరింగ్ తిప్పకుండానే చక్రం పక్కకి తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. వేగం మీద మలుపులో గతుకు తగిలిందంటే బండి దారి తప్పుతుంది.

దీనికి మందు రెండు రకాలు. ముందు చక్రాల మధ్య ఉండే చాసిస్ భాగాన్ని మూల డ్రాయింగు ప్రకారమే ఉంచి, డ్యాష్‌బోర్డు నుంచి వెనక్కి మాత్రమే వెడల్పు పెంచడం ఒకటి. మేం సిఫారసు చేసేది ఇదే. రెండోది, ర్యాక్‌కి రెండు వైపులా సరిగ్గా 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్లు వేయడం.

కట్టాక పరీక్షించండి. స్ప్రింగ్ తీసేసి, హబ్‌కి చదునైన పలక బిగించి, జాకీతో 10 మి.మీ. చొప్పున పైకీ కిందికీ కదుపుతూ పలక ముందంచు, వెనకంచు దగ్గర డయల్ గేజ్‌లతో (కొద్దిపాటి కదలికనీ ముల్లుతో చూపే సాధనం) కొలవండి. 25 మి.మీ. కదలికకు రెండు గేజ్‌ల మధ్య తేడా అర మి.మీ. లోపు ఉంటే బాగున్నట్టే. పైకెళ్లినప్పుడు లోపలికి, కిందికొచ్చినప్పుడు బయటికి తిరుగుతుంటే, లేదా దీనికి తలకిందులుగా జరుగుతుంటే, ర్యాక్ ఎత్తు తప్పు. షిమ్ములు (పలచని రేకు బిళ్లలు) వేసి సరిచేయవచ్చు. పైకెళ్లినా కిందికొచ్చినా ఒకే వైపు తిరుగుతుంటే టై రాడ్ పొడవు తప్పు, షిమ్ములతో పోదు.

4. కంటికి కనబడని బలాన్ని లెక్కలోకి తీసుకోండి

పూర్తయిన కారుని కొలిస్తే గొట్టం బయటి కొలత తెలుస్తుంది, లోపలి మందం తెలియదు. లోకాస్ట్ తరహాలో మామూలుగా వాడేది 25 మి.మీ. చదరపు గొట్టం, 1.6 మి.మీ. మందం. అంతకంటే ముఖ్యం, టన్నెల్ (సీట్ల మధ్య గేర్‌బాక్స్, షాఫ్ట్ వెళ్లే సొరంగం) లోపల ఉండే ఏటవాలు గొట్టాలు, సీటు బెల్టు బిగించే చోట ఉండే మందపాటి ప్లేట్లు బయటికి కనిపించవు. నేలకీ పక్కలకీ ఉన్న అల్యూమినియం రేకు అందం కోసం పెట్టింది కాదు, చాసిస్ మెలి తిరగకుండా పట్టుకునేది అదే. అది తీసేసి ఫైబర్ పలక అంటించుకుంటే అదే గొట్టాలతో కట్టిన చాసిస్ మెత్తబడిపోతుంది. రేకు వద్దనుకుంటే రేకు మూసిన ఆ గడికి ఒక ఏటవాలు గొట్టం కలపాల్సిందే.

కంప్యూటర్ లెక్క లేకపోయినా ఫరవాలేదు. ఐదో వంతు సైజులో, 5 మి.మీ. బాల్సా (తేలికైన మెత్తని చెక్క) పుల్లలతో చాసిస్ నమూనా అంటించి, రెండు చివర్లూ పట్టుకుని మెలి తిప్పి చూడండి. ఏ గడిలో ఏటవాలు పుల్ల లేదో ఆ గడి ముందు వంకరపోవడం కళ్లకి కనబడుతుంది. ఒక సాయంత్రం పని, వెల్డింగ్ అయ్యాక కోసే అవస్థ తప్పుతుంది.

5. వెల్డింగ్

చదునైన 18 మి.మీ. ఎండీఎఫ్ (నొక్కిన చెక్కపొడి పలక) బల్ల మీద పూర్తి సైజు గీత గీసి, చెక్క దిమ్మెలతో గొట్టాలు కదలకుండా పట్టండి. చాసిస్ మొత్తాన్ని ముందు ట్యాక్‌లతోనే (చిన్న చుక్క వెల్డులు) నిలబెట్టాలి. మూలల మధ్య కొలతలు 2 మి.మీ. లోపు సరిపోయాకే పూర్తి వెల్డింగ్. ఒక మూల వేస్తే తర్వాత ఎదురు మూలకి వెళ్లండి. ఒకే పక్క వేసుకుంటూ పోతే వేడికి చాసిస్ అటే లాగేసుకుంటుంది. నున్నగా కనబడాలని వెల్డ్‌ని గ్రైండర్‌తో చదును చేయకండి, బలం పోతుంది.

6. స్ప్రింగుల నంబర్లు ఎవరివీ కాపీ కొట్టకండి

మీ కారు బరువు వేరు. ముందు ఒక చక్రం దగ్గర స్ప్రింగు మోసే బరువు 120 కిలోలు, ఊగే వేగం సెకనుకి 1.6 సార్లు కావాలనుకుందాం. చక్రం దగ్గర కావాల్సిన గట్టిదనం మి.మీ.కి 12.1 న్యూటన్లు. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు 7 మి.మీ. నొక్కుకునే అమరిక అయితే 0.7ని 0.7తో గుణించి, ఆ 0.49తో 12.1ని భాగించాలి. స్ప్రింగు మి.మీ.కి 24.7 న్యూటన్లు వస్తుంది, అంటే అంగుళానికి దాదాపు 141 పౌండ్లు. అదే బరువు 150 కిలోలైతే 177 పౌండ్ల స్ప్రింగు కావాలి. తేలికైన ఇంజనున్న కిట్ స్ప్రింగులు తెచ్చి బరువైన ఇంజను కింద పెట్టినవాళ్లకి ముందుభాగం నేలకి తగలడానికి కారణం ఇంతే.

7. బాడీ: మీ ప్లగ్, మీ అచ్చు

ఇంకొకరి నోస్‌కోన్ (కారు ముక్కు భాగం) మీద అచ్చు తీస్తే చట్టం ఎలాగూ ఉంది, పని కూడా చెడుతుంది. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. భాగం నుంచి అచ్చు, అచ్చు నుంచి భాగం అంటూ రెండుసార్లు కుంచించుకుంటే బానెట్ అంచు కలవదు.

సొంత ప్లగ్‌కి (అచ్చు తీయడానికి చేసుకునే పూర్తి సైజు నమూనా) ఎండీఎఫ్ అడ్డపలకలు నిలబెట్టి, మధ్యలో ఫోమ్ నింపి, ఫిల్లర్, ప్రైమర్ వేసి 800 నంబరు దాటేదాకా నీటితో వాడే గరుకు కాగితంతో రుద్దండి. అచ్చులోంచి భాగం ఊడి రావాలంటే నిట్టనిలువు గోడలు ఉండకూడదు, కనీసం 2, 3 డిగ్రీల వాలు కావాలి. మైనం చాలా పూతలు, తర్వాత పీవీఏ (భాగం అచ్చుకి అంటకుండా చూసే పొర), తర్వాత జెల్‌కోట్ (పైకి కనబడే రెజిన్ పూత). జెల్‌కోట్ పలచనైతే పై పొర రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని తినేసి మొసలి చర్మంలా ముడతలు పడుతుంది. అర మి.మీ. మందం ఉండేలా చూసుకోండి. మొదటి పొరకి చదరపు మీటరుకి 300 గ్రాముల గాజు నార మ్యాట్, తర్వాత 450. ఒకేసారి రెండు పొరలకి మించి వేస్తే వేడెక్కి అచ్చు వంగుతుంది. అచ్చు మందం భాగానికి రెండు మూడింతలు ఉండాలి. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా ఆ డబ్బా మూత తీయవద్దు.

8. బల పరీక్ష, తనిఖీ

చాసిస్ వెనక భాగాన్ని బిగించి, ముందు మధ్యలో ఒక్క ఆధారం మీద నిలబెట్టి, అడ్డంగా కట్టిన దూలానికి మీటరు దూరంలో 40 కిలోలు వేలాడదీయండి. మధ్యగీత నుంచి 500 మి.మీ. దూరంలో డయల్ గేజ్ 1.75 మి.మీ. చూపిస్తే డిగ్రీకి దాదాపు 1,960 న్యూటన్ మీటర్ల గట్టిదనం ఉన్నట్టు. గేజ్ 3 మి.మీ. దాటితే ఇంజను గదిలో, టన్నెల్‌లో ఏటవాలు గొట్టాలు చాలలేదన్నమాట. అవి కలిపి మళ్లీ కొలవండి. రంగు వేయకముందే ఈ పరీక్ష చేయాలి.

బ్రిటన్‌లో రోడ్డెక్కించేవాళ్లు ఐవీఏ తనిఖీకి (ఒక్కో బండిని విడిగా చూసి అనుమతిచ్చే పరీక్ష) వెళ్లాలి. బయటికి పొడుచుకొచ్చిన అంచులకు కనీసం 2.5 మి.మీ. గుండ్రదనం లేదని తిప్పి పంపడం అక్కడ మామూలే. మడ్‌గార్డు అంచులు, అద్దం కొనలు, సస్పెన్షన్ బోల్టు తలలు ముందే చూసుకుని ప్లాస్టిక్ టోపీలు, రబ్బరు అంచులు తొడగండి.