ఇంటి నుంచి బోరు షెడ్డు దాకా స్మార్ట్ నెట్‌వర్క్: సమస్య - పరిష్కారం

చిత్తూరు జిల్లాలో మా నాన్న ఉండే చోట నాలుగు కట్టడాలున్నాయి. రోడ్డువైపు ఇల్లు, దాని వెనక 35 మీటర్ల దూరంలో ఆవుల కొట్టం, కొట్టం పక్కనే దాణా గది. మామిడి చెట్ల అవతల, ఇంటికి సుమారు 120 మీటర్ల దూరంలో బోరు, మోటారు షెడ్డు, నీళ్ల తొట్టి. నేనుండేది హైదరాబాద్‌లో. తొట్టిలో నీళ్లెంత ఉన్నాయి, కొట్టంలో వేడి ఎంత ఉంది, దాణా గది తలుపు మూశారా లేదా అన్నవి ఫోన్లో కనిపించాలనుకున్నాం. ఇంట్లో పెట్టినవన్నీ మొదటిరోజే పనిచేశాయి. బయటి కట్టడాల దగ్గర మాత్రం నెలల తరబడి తిప్పలు పడ్డాం. అలాంటి ఇల్లూ తోటా ఉన్నవాళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఇది రాస్తున్నాను.

మా దగ్గరున్నవి జిగ్బీ (తక్కువ కరెంటుతో నడిచే చిన్న రేడియో పద్ధతి) సెన్సర్లు, అన్నిటినీ ఒకచోట చూపించే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్, సెన్సర్ల మాటను దానికి చేరవేసే జిగ్బీ2ఎంక్యూటీటీ సాఫ్ట్‌వేర్. మీది వేరే హబ్ (సెన్సర్లన్నీ వచ్చి కలిసే పెట్టె) అయితే మెనూల పేర్లు మారతాయి, కారణాలు మారవు.

ఏ సమస్య వచ్చినా ముందు రెండు పనులు చేయండి. పనిచేయని సెన్సర్‌ను ఊడదీసి ఇంట్లో హబ్‌కు 2 మీటర్ల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ పనిచేస్తే సెన్సర్ మంచిదే, దారిలోనే తేడా ఉంది. అక్కడా పనిచేయకపోతే బ్యాటరీ చూడండి. రెండోది, ఆ కట్టడంలో ఇప్పుడు కరెంటుందా అని అక్కడున్న మనిషిని అడగండి. మేం రేడియో తప్పు అనుకుని వెతికినవాటిలో చాలావరకు కరెంటు సమస్యలే.

సమస్య: రీడింగ్ కనిపిస్తోంది, కానీ అది నిజం కాదు

"ఏంరా, తొట్టి నిండిందని నీ ఫోన్ చెప్తోంది, ఇక్కడ చూస్తే అడుగు కనిపిస్తోంది" అని నాన్న ఫోన్ చేశాడు. సెన్సర్ ముందురోజు రాత్రే తెగిపోయింది. తెర మీద మాత్రం చివరిసారి వచ్చిన అంకె అలాగే నిలబడి ఉంది.

కారణం: బ్యాటరీ సెన్సర్లు ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి. అందుకే అవి తెగిపోయాయని సిస్టమ్ వెంటనే తేల్చదు. జిగ్బీ2ఎంక్యూటీటీలో పరికరాల అందుబాటు చూసే సదుపాయాన్ని ఆన్ చేసినా, బ్యాటరీ పరికరాలకు మామూలుగా ఉండే గడువు 1500 నిమిషాలు, అంటే 25 గంటలు. ఎండాకాలంలో ఆవులకు నీళ్లు లేవన్న సంగతి 25 గంటల తర్వాత తెలిస్తే ఏం లాభం?

పరిష్కారం: ఆ సెన్సర్ ఎంతసేపటికోసారి రీడింగ్ పంపుతుందో ఒక రోజు గమనించండి. దానికి మూడు రెట్లు గడువుగా, ఆ ఒక్క పరికరానికే పెట్టండి. గడువు దాటితే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా ఆటోమేషన్ రాయండి. అన్నిటికన్నా ముందు ఈ పని చేయండి. ఆ రోజు నుంచి మిగతా లోపాలన్నీ వాటంతటవే బయటపడతాయి.

సమస్య: ఇంట్లో జత చేసి కొట్టానికి తీసుకెళ్తే గంటలో పోతోంది

కారణాలు ఒకటి కాదు. జిగ్బీ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఖాళీ మైదానంలో వంద మీటర్ల దాకా పోయినా, గోడలుంటే 10 నుంచి 20 మీటర్లే అనుకోవాలి. ఇంటి స్లాబులో ఇనుప కడ్డీలుంటాయి. కొట్టం కప్పు రేకులది. మోటారు షెడ్డులో స్టార్టర్ ఇనుప పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టెలో సెన్సర్ పెడితే సిగ్నల్ బయటికి రాదు.

ఇంకోటి, బ్యాటరీ మీద నడిచే పరికరం తన మాట చెప్పుకుంటుంది గానీ పక్కవాటి సిగ్నల్‌ను ముందుకు పంపదు. ఆ పని చేసేవి, అంటే రిపీటర్లు, ఎప్పుడూ కరెంటుకు తగిలించి ఉండే ప్లగ్గులు, రిలేలు. కొట్టంలో పది బ్యాటరీ సెన్సర్లు పెట్టినా అక్కడ మెష్ (ఒకదాని సిగ్నల్‌ను ఇంకోటి అందుకుని పంపే వల) ఏర్పడదు. పైగా కొన్ని కంపెనీల సెన్సర్లు మొదట జత అయిన పరికరాన్నే పట్టుకుని వేలాడతాయి. దగ్గర్లో మంచి దారి ఉన్నా అటు మారవు.

పరిష్కారం: ఇంటి వెనక గోడకు, కొట్టం ముందు గోడకు కిటికీ ఎత్తులో ఒక్కో జిగ్బీ ప్లగ్గు పెట్టండి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనబడాలి. తర్వాత సెన్సర్‌ను అది ఉండాల్సిన చోటే ఉంచి, కొట్టంలో ఉన్న ప్లగ్గు ద్వారా మాత్రమే జతచేయండి. ఏ పరికరం ద్వారా జత చేయాలో ఎంచుకునే వీలు జిగ్బీ2ఎంక్యూటీటీలో ఉంది. 35 మీటర్ల దూరానికి ఇది సరిపోవచ్చు. 120 మీటర్లకు మాత్రం సరిపోదు. మధ్యలో మామిడి చెట్టుకు ప్లగ్గు తగిలించలేం కదా.

సమస్య: రోజూ ఒకే వేళకు అన్నీ ఆఫ్‌లైన్

మోటారు షెడ్డు సెన్సర్లు సాయంత్రం పడిపోయి పొద్దున్నే లేచేవి. వారం రోజులు రేడియో ఛానెళ్లు మార్చి చూశాను. అసలు సంగతేమిటంటే మా వైపు వ్యవసాయ కనెక్షన్‌కు పగటిపూట 9 గంటలే కరెంటు. రిపీటర్‌గా పెట్టిన ప్లగ్గు ఆ లైను మీదే ఉంది.

మోటారు వేసిన క్షణంలో పరికరాలు పడిపోతుంటే అది ఇంకో రకం. డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా లైనుకు కలిపే రకం) మీద మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ పడిపోతే చిన్న అడాప్టర్లు రీసెట్ అవుతాయి.

పరిష్కారం: షెడ్డులో నెట్‌వర్క్ పరికరాలను 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు రాత్రంతా ఉండదు కాబట్టి మినీ యూపీఎస్ చాలదనుకుంటే చిన్న సోలార్ పలక, బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్ పెట్టుకోవాలి. మేం చివరికి అదే చేశాం. ఇంట్లో కూడా ఒక జాగ్రత్త తీసుకోవాలి. రిపీటర్ పని చేస్తున్న స్మార్ట్ బల్బును గోడ స్విచ్ దగ్గర ఆపేస్తే, దాని వెనకున్న సెన్సర్లన్నీ పోతాయి.

అసలు మందు: కట్టడానికో మెష్, మధ్యలో ఫైబర్

ఒకే జిగ్బీ మెష్‌ను నాలుగు కట్టడాలకు సాగదీయాలన్న ఆలోచనే మాకు ఎక్కువ చేటు చేసింది. రేడియోను ఒక కట్టడం లోపలికే పరిమితం చేయండి. కట్టడాల మధ్య ఈథర్నెట్ (తీగ నెట్‌వర్క్) నడపండి. ఈథర్నెట్ పోర్టు ఉన్న జిగ్బీ కోఆర్డినేటర్లు (ఒక జిగ్బీ మెష్‌ను నడిపే ప్రధాన రేడియోలు) ఇప్పుడు దొరుకుతున్నాయి. మోటారు షెడ్డులో ఒకటి పెట్టి, ఇంట్లో సర్వర్ మీద జిగ్బీ2ఎంక్యూటీటీ రెండో ప్రతిని నడపండి. రెండు ప్రతులకూ బేస్ టాపిక్ (సందేశాల పేరులో మొదటి భాగం), ఛానెల్, ప్యాన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) వేర్వేరుగా ఉండాలి. ఆ కోఆర్డినేటర్‌ను వైఫై మీద నడపకండి. లింకు ఒక్క క్షణం తెగినా తడబడుతుంది. షెడ్డు దాకా తీగ వేయలేకపోతే, అక్కడే ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టి జిగ్బీ2ఎంక్యూటీటీని అందులో నడపండి. అప్పుడు ఇంటికి రావాల్సింది ఎంక్యూటీటీ పద్ధతిలో పంపే చిన్న సందేశాలే. లింకు అప్పుడప్పుడు కాసేపు తెగినా అవి తట్టుకుంటాయి.

మేం మొదట కొట్టానికి క్యాట్6 అనే మామూలు నెట్‌వర్క్ రాగి తీగ వేశాం. వేసవిలో ఒక రాత్రి ఉరుములతో వాన పడింది. పొద్దున చూస్తే నెట్‌వర్క్ స్విచ్, ఇంట్లో రౌటర్ పోర్టు రెండూ కాలిపోయి ఉన్నాయి. పిడుగు దగ్గర్లో పడితే రెండు కట్టడాల ఎర్తింగుల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. ఆ తేడా రాగి తీగ వెంట పరికరాల్లోకి వెళ్తుంది. పైగా క్యాట్6 హద్దు 100 మీటర్లు, మా షెడ్డు 120. ఫైబర్‌కు ఈ రెండు బాధలూ లేవు. లోహపు తీగ లేని ఫైబర్ కేబుల్ అడిగి తీసుకోండి. గట్టి పైపులో వేసి, ట్రాక్టరు నాగలి తగలనంత లోతున పూడ్చండి. చెట్ల మీదుగా లాగితే ఉడతలు కొరుకుతాయి. చివరలు జాయింట్ చేయడానికి ఊళ్లో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కేబుల్ కుర్రాళ్లను పిలిస్తే చాలు, వాళ్ల దగ్గర మెషీన్ ఉంటుంది.

ఫైబర్ వేశాక మీడియా కన్వర్టర్‌లో (ఫైబర్‌ను ఈథర్నెట్‌కు కలిపే పెట్టె) లింక్ లైటు వెలగకపోతే పెట్టె మీద అక్షరం చూడండి. ఒకే పోగు ఫైబర్ మీద నడిచేవి ఏ, బీ జతగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్లలో పంపితే రెండోది 1550లో పంపుతుంది. రెండు చివర్లా ఏ పెడితే ఎన్నాళ్లు చూసినా లైటు వెలగదు.

సమస్య: వానలు మొదలయ్యాక వైర్‌లెస్ బ్రిడ్జి బలహీనపడింది

ఫైబర్ వేయక ముందు మేం 5 గిగాహెర్ట్జ్ బ్రిడ్జి (రెండు కట్టడాలను తీగ లేకుండా కలిపే యాంటెన్నాల జత) పెట్టాం. కాపు కోసి కొమ్మలు కత్తిరించిన రోజుల్లో బిగించాం, బ్రహ్మాండంగా నడిచింది. అక్టోబరులో నత్తనడక.

కారణం: ఇంత చిన్న దూరంలో వాన చినుకులు 5 గిగాహెర్ట్జ్‌ను ఏమీ చేయవు. అడ్డం వచ్చింది కొత్త చిగుళ్లు, వాటి మీద తడి. యాంటెన్నా నుంచి యాంటెన్నా కనబడితే సరిపోదు. 100 మీటర్ల లింకుకు మధ్యలో, యాంటెన్నాలను కలిపే ఊహాగీత చుట్టూ మీటరుకు పైగా ఖాళీ ఉండాలి.

పరిష్కారం: యాంటెన్నాలను చెట్ల తలలకన్నా పైకి ఎత్తండి, లేదా ఏటా కొమ్మలు కొట్టండి. వానలో పూర్తిగా తెగిపోతుంటే కనెక్టర్‌లోకి నీరు దిగిందేమో చూడండి. కేబుల్ కిందికి వంగి మళ్లీ పైకెక్కి పెట్టెలోకి వెళ్లాలి. అప్పుడు నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

సమస్య: హబ్ పక్కనే ఉన్నవి కూడా తడబడుతున్నాయి

వైఫై, జిగ్బీ ఒకే 2.4 గిగాహెర్ట్జ్‌లో కొట్టుకుంటాయి. వైఫై ఛానెల్‌ను ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఒకదానికి కట్టేయండి. జిగ్బీకి 15, 20, 25 కాస్త ఖాళీ. వైఫై 13కు వెళ్తే జిగ్బీ 25 మీద పడుతుంది. ఛానెల్ మారిస్తే కొన్ని సెన్సర్లను మళ్లీ జత చేయాల్సి రావచ్చు. ఇంకో సులువైన పని, యూఎస్‌బీ కోఆర్డినేటర్‌ను కంప్యూటర్‌కు నేరుగా గుచ్చకుండా మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి 2.4లో రొద వస్తుంది.

సమస్య: హబ్ ముందే పెట్టినా అసలు జత కావడం లేదు

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన జీ-వేవ్ (జిగ్బీ లాంటిదే మరో రేడియో పద్ధతి) పరికరమా? అక్కడివి 908 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి, మన దేశానికి 865. ఇక్కడి హబ్‌కు ఆ పరికరం వినిపించదు. అక్కడి హబ్ కూడా తెచ్చి వాడటం మన నిబంధనలకు విరుద్ధం. తిరిగి పంపేయడమే మేలు.

సమస్య: కొట్టం వైఫైలో ఉంటే యాప్‌కు ఇంటి పరికరాలు కనబడవు

ఫోన్ ఐపీ చూడండి. ఇంట్లో 192.168.1తో, కొట్టంలో 192.168.0తో మొదలైతే, కొట్టంలో ఉన్న పాత రౌటర్ తన సొంత నెట్‌వర్క్ నడుపుతోందన్నమాట. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (ఇంటి నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే పద్ధతి) మార్చండి. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీని ఇంటి నెట్‌వర్క్‌లో ఖాళీగా ఉన్న అంకెకు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే సదుపాయం) ఆపేసి, ఇంటి నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ తీగ కోసం ఉన్నది) కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి.

మోటారు సంగతి

నెట్‌వర్క్ కుదిరాక అందరికీ వచ్చే తర్వాతి కోరిక, మోటారునూ ఫోన్ నుంచే వేయాలని. త్రీఫేజ్ మోటారును స్మార్ట్ ప్లగ్గుతో వేసే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. స్టార్టర్ కంట్రోల్ సర్క్యూట్‌లో రిలే పెట్టాలి, అది ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. తొట్టి నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్, బోరులో నీళ్లు అడుగంటితే ఆపే డ్రై రన్ రక్షణ నేరుగా స్టార్టర్‌కే కలిపి ఉండాలి. మా సర్వర్ ఇంట్లో ఉంటుంది, మోటారు 120 మీటర్ల అవతల ఉంటుంది. ఎలుక ఫైబర్ కొరికిన రాత్రి కూడా ఆ మోటారు ఆగాల్సిన చోట ఆగాలి.